ముసలమ్మ, ఆవు, దూడ ‘చేరారా’, ‘చేరాయా’?

ప్రశ్న: ప్రూఫ్‌రీడర్, గవర్నర్‌పేట, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు 14 ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఈ నెల నా బల్ల మీద ఉన్నది 32 పేజీల పిల్లల కథల పుస్తకం. అందులో తొమ్మిదో పేజీలోని ఒక్క వాక్యం రెండు ప్రూఫులు దాటినా తేలలేదు. ఆ వాక్యం ఇది: ‘ముసలమ్మ, ఆవు, దూడ చెరువు గట్టుకు చేరారు.’

మొదటి ప్రూఫులో నేను ‘చేరారు’ చుట్టూ సున్నా చుట్టి, మార్జిన్‌లో ‘చేరాయి’ అని రాశాను. ముగ్గురిలో ఇద్దరు పశువులే కాబట్టి క్రియ వాటి వైపు మొగ్గడం సరైనదని అనుకున్నాను. రచయిత్రి ఆ ప్రూఫు చూసి ఫోన్ చేశారు. ‘నా ముసలమ్మను గొడ్లలో కలిపేశారేమిటండీ’ అన్నారు. ఆవిడ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా వినిపించింది. ఆ బాధ న్యాయమైనదేనని నాకూ అనిపించి, రెండో ప్రూఫులో ‘చేరారు’నే తిరిగి నిలబెట్టాను. అప్పుడు మా కార్యాలయంలో నాకంటే అనుభవజ్ఞులైన పెద్దాయన, ‘ఆవూ దూడా చేరారు అని ఎవరైనా అంటారా అమ్మా?’ అంటూ దాన్ని మళ్ళీ కొట్టేశారు. ఆయన మాటనూ కాదనలేకపోయాను. మూడో ప్రూఫు ఇప్పుడు నా ముందు ఉంది, ఆ క్రియ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.

నన్ను అసలు కలవరపెడుతున్నది వేరే సంగతి. ఈ ముగ్గురినీ విడివిడిగా చెప్పి చూడండి. ముసలమ్మ చేరింది. ఆవు చేరింది. దూడ చేరింది. ముగ్గురికీ ఒకటే క్రియ, ఎవరికీ అభ్యంతరం లేదు. విడిగా ఉన్నప్పుడు ఒక్క క్రియలో ఇమిడిపోయినవాళ్ళు కలిసి వచ్చేసరికి ఏ క్రియలోనూ ఎందుకు ఇమడటం లేదు? ‘రైతు, ఎద్దు’ అని ఉంటే నాకు ఇంత ఆశ్చర్యం కలిగేది కాదు, ఎందుకంటే ‘రైతు చేరాడు, ఎద్దు చేరింది’ అని అక్కడ తేడా ముందే కనిపిస్తున్నది.

రెండో సందేహం కూడా దీనితో ముడిపడి ఉన్నదే. బడిలో మనకు పుంలింగం, స్త్రీలింగం, నపుంసకలింగం అని మూడు నేర్పారు. కానీ ఇన్నేళ్ళుగా దిద్దిన వేల పేజీల్లో, ఏకవచనంలో ఆడవాళ్ళకు ప్రత్యేకమైన క్రియారూపం నాకు ఒక్కటీ కనిపించలేదు. క్రియలో లేని స్త్రీలింగం పుస్తకంలోకి ఎలా వచ్చింది? వాక్యాన్ని మార్చి రాసుకోవచ్చునని నాకు తెలుసు. మార్చక తప్పదేమో కూడా. అయితే ఎందుకు మార్చాలో ఆ రచయిత్రికి చెప్పగలిగిన తరువాతే మార్చాలని నా కోరిక.


జవాబు 1: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, ముందుగా మీ రెండో సందేహం తీసుకుంటాను, అది తేలితే మొదటిది దానంతట అదే విడుతుంది.

పుం, స్త్రీ, నపుంసకం అనే మూడు లింగాల పట్టిక సంస్కృత వ్యాకరణానిది. సంస్కృతంలో లింగం పదానికి ఉంటుంది, ఆ పదం సూచించే మనిషికో వస్తువుకో కాదు. భార్య అనే ఒక్క అర్థానికే ‘భార్యా’ అంటే స్త్రీలింగం, ‘దారాః’ అంటే పుంలింగం, అది కూడా నిత్య బహువచనం, ‘కలత్రమ్’ అంటే నపుంసకలింగం. ఏటి ఒడ్డును ‘తటః’, ‘తటీ’, ‘తటమ్’ అని మూడు లింగాల్లోనూ అనవచ్చు. శరీర లక్షణాలను బట్టి లింగం నిర్ణయమైతే మంచానికి స్త్రీలింగం, చెట్టుకు పుంలింగం ఎలా కుదిరాయన్న చర్చను పతంజలి మహాభాష్యంలోనే చేశాడు.

తెలుగు ఆ పదాలను వేల సంఖ్యలో తీసుకున్నది కానీ వాటితో వచ్చిన లింగాలను గడప బయటే వదిలేసింది. సంస్కృతంలో పుంలింగమైన ‘వృక్షః’ మన దగ్గర ‘వృక్షం’ అయింది, ‘వృక్షం కూలింది’ అంటాము. నపుంసకలింగమైన ‘మిత్రమ్’ మన దగ్గర ‘మిత్రుడు’ అయి ‘వచ్చాడు’. పదానికి అక్కడ ఏ లింగమన్నది మనం అడగలేదు. అది మగవాడిని చెప్తున్నదా, కాదా అన్నదొక్కటే అడిగి, మగవాడైతే ‘డు’ చేర్చాము, వస్తువైతే ‘ము’ చేర్చాము.

ఈ సంగతి చిన్నయసూరికి బాగా తెలుసు. అందుకే ఆయన 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగు మాటలను మహత్తులు, అమహత్తులు అని విభజించాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేనివి మినహా మిగిలినవన్నీ, అంటే పురుషులూ పురుష దేవతలూ, మహత్తులు. మిగతావి అమహత్తులు. స్త్రీలను చెప్పే మాటలకు ‘మహతి’ అని ప్రత్యేకమైన పేరు పెట్టాడు, ఎందుకంటే అవి ఒక చోట నిలిచేవి కావు. ఏకవచనంలో అవి అమహత్తులతో నడుస్తాయి, బహువచనంలో మహత్తులతో నడుస్తాయి. ‘అత్త వచ్చింది, బండి వచ్చింది’ అని ఏకవచనంలో కలిసిన అత్తా బండీ, బహువచనంలో ‘అత్తలు వచ్చారు, బండ్లు వచ్చాయి’ అని విడిపోతారు. మీ ముసలమ్మ ఆవుతో కలిసి నడిచినంత దూరం ఏకవచనం. వాక్యం బహువచనంలోకి అడుగు పెట్టగానే ఆమె ‘రు’ వైపు వెళ్ళాలి, ఆవు ‘యి’ వైపు వెళ్ళాలి. మీ మార్జిన్‌లో ఉన్న ఖాళీ సరిగ్గా ఆ అడుగు పడే చోటు.

తెలుగులో స్త్రీలింగం అసలే లేదని మాత్రం అనుకోకండి. ‘ఒకడు, ఒకతె, ఒకటి’ అన్నప్పుడు మూడూ ఉన్నాయి. ‘ఎవతె’, ‘ఆమె’, ‘ఆవిడ’, ‘ఉపాధ్యాయురాలు’ అన్నీ స్త్రీవాచకాలే. అవి నామాల్లోనూ సర్వనామాల్లోనూ ఆగిపోయాయి, వాటిని అందుకుని పలికే రూపం క్రియలో లేదు. పైగా ‘నేను ఇంటికి పెద్దదాన్ని’ అని ఒక స్త్రీ తన గురించి చెప్పుకున్నప్పుడు కూడా ‘దాన్ని’ అనే మాటే వస్తుంది.

ఒక చారిత్రక విశేషం కూడా చెప్పాలి. ఈ చిక్కు గ్రాంథికంలో ఇంత పదునుగా ఉండేది కాదు. ‘వాడు చేరెను, ఆమె చేరెను, అది చేరెను, అవి చేరెను’ అని నాలుగింటికీ ఒకే రూపం చెల్లేది, మహత్తుల బహువచనానికి మాత్రమే ‘చేరిరి’ అని వేరుగా ఉండేది. నేటి ‘చేరాడు’ ‘చేరినవాడు’ నుంచి, ‘చేరింది’ ‘చేరినది’ నుంచి, ‘చేరాయి’ ‘చేరినవి’ నుంచి అరిగి వచ్చిన రూపాలు. అంటే వాడు, అది, అవి అనే సర్వనామాలు క్రియ లోపలికి వచ్చి కూర్చున్నాయి. సర్వనామంలో ఉన్న తేడా అంతా దానితో పాటు క్రియలోకి దిగింది.

ఇక మీ వాక్యానికి నా తీర్పు. ‘చేరాయి’ తప్పు. బహువచనంలో స్త్రీని అమహత్తులలో కలపడానికి తెలుగు ఒప్పుకోదు, రచయిత్రి బాధకు వ్యాకరణపు ఆధారం ఉంది. ‘చేరారు’ తప్పా ఒప్పా అన్నది కథను బట్టి ఉంటుంది. ఆవూ దూడా ఆ కథలో మాట్లాడతాయా? వాటికి పేర్లున్నాయా? చిన్నయసూరి నీతిచంద్రికలోనే సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు, నక్కలు కరటక దమనకులు. ‘నక్క అన్నది’ అనవలసిన చోట ‘దమనకుడు అన్నాడు’ అని వస్తుంది. పేరు చివర ‘డు’ చేరగానే జంతువు మహత్తు అయిపోయింది, దానితో బహువచనంలో ‘వారు’ అనడానికి అడ్డు లేకపోయింది. మీ కథలో ఆవు ఆవుగానే మేస్తూ ఉంటే, ‘చేరారు’ను నేను దిద్దుతాను.


జవాబు 2: హిందీ ఉపాధ్యాయురాలు, అరండల్‌పేట, గుంటూరు

మాస్టారికి నమస్కారం. పదాన్ని అడగడం, ప్రాణిని అడగడం అనే తేడాను నేను రోజూ తరగతి గదిలో చూస్తున్నాను కాబట్టి ఈ మాట చేరుస్తున్నాను.

ఇదే వాక్యాన్ని హిందీలో చెప్తే ఈ ప్రశ్నే పుట్టదు. ‘బుఢియా’ స్త్రీలింగం, ‘గాయ్’ స్త్రీలింగం, ఇద్దరూ కలిస్తే ‘పహుఁచీఁ’. పుంలింగమైన ‘బఛ్‌డా’ తోడైతే ‘పహుఁచే’. మనిషా, పశువా అని హిందీ క్రియ ఎక్కడా అడగదు. అది అడిగేదల్లా పుంలింగమా, స్త్రీలింగమా అని మాత్రమే. అందుకు బదులు ప్రతి పుస్తకానికీ బల్లకూ మజ్జిగకూ లింగం కట్టబెట్టి, దాన్ని గుర్తు పెట్టుకోమంటుంది. హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక పరీక్షకు కూర్చునే పిల్ల మొదలు రాష్ట్రభాష పూర్తి చేసిన పెద్దవాళ్ళ వరకూ మన తెలుగువాళ్ళు ‘మేరా కితాబ్’ అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. మగవాడి మొహం మీది మీసం ‘మూఁఛ్’ స్త్రీలింగమని చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేక నా వైపు చూస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ మాతృభాష వాళ్ళకు అర్థాన్ని చూడమని నేర్పింది, ఈ భాష మాటను చూడమంటున్నది.

ఇంకా కష్టమైనవి రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న సంస్కృత పదాలు. ‘దేవత’ మనకు అమ్మవారు, సంస్కృతంలోనూ స్త్రీలింగమే, హిందీలో ‘దేవతా’ పుంలింగం. ‘వ్యక్తి’ సంస్కృతంలో స్త్రీలింగం, హిందీలో పుంలింగం. ‘ఆత్మ’ సంస్కృతంలో పుంలింగం, హిందీలో స్త్రీలింగం. తెలుగు పిల్లలకు ఈ మూడు మాటలూ చిన్నప్పటి నుంచీ తెలిసినవే, తెలిసిన మాటల దగ్గరే ఎక్కువ తప్పులు చేస్తారు. తెలుగు పాఠంలో మొదటే మహత్తు, అమహత్తు అనే విభజన చెప్పి, సంస్కృతపు పట్టికను ఆ తరువాత వేరే భాష సంగతిగా పరిచయం చేస్తే, హిందీ క్లాసులోకి వచ్చేసరికి పిల్లలకు ఈ రెండూ రెండు వేరు పద్ధతులని తెలిసి ఉంటుంది. ఇది నేను ఎన్నో ఏళ్ళుగా కోరుకుంటున్న మార్పు.


జవాబు 3: భాషాశాస్త్రం చదువుకున్నవాడిని, తాడేపల్లి

మాస్టారు ‘మహతి ఒక చోట నిలవదు’ అన్న మాటకు వెనుక ఉన్న కథ చెప్పాలనిపించింది. ద్రావిడ భాషలన్నీ ఈ విషయంలో ఒక్క తీరుగా లేవు, వాటిని పక్కపక్కన పెడితే మీ ముసలమ్మ ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తున్నదో కనిపిస్తుంది.

తమిళ, కన్నడాల్లో స్త్రీకి ఏకవచనంలోనే సొంత క్రియారూపం ఉంది. తమిళంలో ముసలావిడ ‘వందాళ్’, ఆవు ‘వందదు’. కన్నడంలో ముసలావిడ ‘బందళు’, ఆవు ‘బంతు’. అక్కడి ప్రూఫ్‌రీడరుకు ఈ వాక్యం దగ్గర ఆశ్చర్యం కలగదు, వాళ్ళు ముందు నుంచే వేరు వేరుగా ఉన్నారు. మలయాళంలో క్రియ ఎవరినీ పట్టించుకోదు, అందరూ ‘వన్ను’. రెండో కొసన గోండి, కొండ, కుయి, కువి, కోలామి వంటి భాషలు ఉన్నాయి. వీటిలో కొన్ని మన అరకు ప్రాంతపు కొండల్లోనూ, కొన్ని ఆదిలాబాద్ వైపూ మాట్లాడేవే. వాటిలో ఏకవచనంలోనూ బహువచనంలోనూ విభజన ఒక్కటే, మగవాళ్ళు, మగవాళ్ళు కానివి. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న గుంపుకూ, ఆవుల మందకూ ఒకటే బహువచన క్రియ. మగవాళ్ళు కలిసి ఉంటేనే రెండోది వస్తుంది. మీ వాక్యాన్ని గోండిలో రాస్తే ముసలమ్మా ఆవూ దూడా ఏ ఇబ్బందీ లేకుండా ఒకే క్రియలో చెరువు గట్టు చేరుకుంటారు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు, అప్పటి గుంటూరు జిల్లాలోని ఒంగోలులో పుట్టినవారు, 2003లో వచ్చిన తమ ద్రావిడ భాషల గ్రంథంలో ఈ గోండి, కుయి పద్ధతే మూల ద్రావిడానిదని, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషదని, ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను అంగీకరిస్తే తెలుగు చేసిన పని స్పష్టమవుతుంది. బహువచనంలో స్త్రీలను తెచ్చి పురుషుల పక్కన, మనుషుల వరుసలో కూర్చోబెట్టింది. ఏకవచనంలో మాత్రం పాత చోటనే ఉంచింది. తమిళ, కన్నడాలు ఏకవచనంలోనూ ఆమెకు కొత్త చోటు ఇచ్చాయి. అంటే ముసలమ్మ తెలుగులో సగం దారిలో ఉంది. విడిగా ఉంటే ఆవు పక్కన, కలిసి వస్తే మనుషుల పక్కన. ‘విడివిడిగా కలిసినవాళ్ళు కలిపితే ఎందుకు విడిపోతున్నారు’ అన్న మీ ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే.

రచయిత్రి గారి బాధ గురించి ఒక మాట. ఏకవచనంలో స్త్రీకీ పశువుకూ ఒకే క్రియ ఉండటం అవమానమని చాలామంది చదువుకున్నవాళ్ళు అనడం విన్నాను. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ మాట్లాడేవాడి మనసులో ఆ పోలిక ఉండదు. ఇంద్రకీలాద్రి మెట్లు దిగుతూ ‘దుర్గమ్మ చల్లగా చూసింది’ అంటాము. బ్యారేజీ మీద నిలబడి ‘కృష్ణమ్మ పొంగింది’ అంటాము. ఆ పొంగింది దేవతా, నీళ్ళా అని క్రియ మనల్ని అడగదు, రెండింటికీ అదే రూపం కాబట్టి నది అమ్మగా మారడానికి వాక్యంలో ఒక్క అక్షరం కదలనక్కరలేదు. అదే ‘సముద్రం పొంగింది’ అన్నవాడు దాన్ని దేవుడిగా తలుచుకోవాలంటే ‘సముద్రుడు పొంగాడు’ అని మాటనూ క్రియనూ రెండింటినీ మార్చుకోవాలి. ఇక గౌరవం కావలసిన చోట తెలుగు బహువచనాన్ని వాడుకుంటుంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ‘మా అత్తయ్య వచ్చింది’ అనడంలో తక్కువ చేయడం ఏమీ లేదు, అదే అత్తయ్య గురించి సభలో చెప్పేటప్పుడు ‘వారు వచ్చారు’ అంటాము.

ప్రపంచం మొత్తం మీద చూసినా లింగ విభజన భాషకు తప్పనిసరి కాదు. భాషాశాస్త్రవేత్త గ్రెవిల్ కార్బెట్ పరిశీలించిన 257 భాషల నమూనాలో 145 భాషలకు అసలు వ్యాకరణ లింగమే లేదు. మన దేశంలోనే బెంగాలీలో ఆమె వచ్చినా అతను వచ్చినా క్రియ ఒకటే.


జవాబు 4: కథల అనువాదకురాలు, తెనాలి

మాస్టారి తీర్పులో ఒక భాగంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆవు మాట్లాడితేనే ‘చేరారు’ అనాలన్నారు. ప్రశ్న అడిగిన అమ్మాయి రాసిన వాక్యాన్ని మళ్ళీ చూడండి. ‘ముగ్గురిలో ఇద్దరు పశువులే కాబట్టి’ అని రాసింది. ‘మూడింటిలో రెండు’ అనలేదు. ‘ముగ్గురు’, ‘ఇద్దరు’ మనుషులకు వాడే సంఖ్యలే. వ్యాకరణం గురించే ఆలోచిస్తూ, జాగ్రత్తగా రాస్తున్నప్పుడు కూడా, లెక్కలో ఒక్క మనిషి ఉన్నందుకు ఆ అమ్మాయి కలం మొత్తాన్ని మనుషుల లెక్కలోకి తీసుకుంది. కాబట్టి తెలుగువారి నాలుక మీద ఈ కలయిక మనుషుల వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం. ‘ముసలమ్మ, ఆవు, దూడ, ముగ్గురూ చేరారు’ అంటే నా చెవికి ఎబ్బెట్టుగా లేదు. ఆ ‘ముగ్గురూ’ తీసేస్తే ‘దూడ’ పక్కనే ‘చేరారు’ వచ్చి గుచ్చుకుంటుంది. పెద్దాయన కొట్టేసింది ఆ పక్క పక్కన ఉండటాన్నేనని అనుకుంటున్నాను.

రోజూ అనువాదం చేసేదాన్ని కాబట్టి ఈ గుంట ఎక్కడెక్కడ ఉందో, ఎక్కడ లేదో నాకు కాలికి తెలుసు. ‘ముసలమ్మా ఆవూ ఇంకా రాలేదు’ అని చెప్పి చూడండి, ఏ ఇబ్బందీ లేదు. ‘రాలేదు’ వాడికీ ఆమెకూ దానికీ వాళ్ళకూ వాటికీ ఒక్కటే. ‘ముసలమ్మా ఆవూ చెరువు గట్టుకు చేరేసరికి పొద్దు వాలింది’ అంటే కూడా ఇబ్బంది లేదు, ‘చేరేసరికి’, ‘చేరి’, ‘చేరితే’ వంటి అసమాపక రూపాలకు లింగమూ వచనమూ ఉండవు. ‘ముసలమ్మకూ ఆవుకూ దూడకూ దాహం వేసింది’ అంటే క్రియ దాహాన్ని చూసుకుంటుంది, దాహం ఎవరిదన్నది దానికి పట్టదు. చిక్కంతా ప్రథమపురుష బహువచనంలో, సమాపక క్రియ దగ్గర మాత్రమే.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది మరొకటి. ఉత్తమపురుషలో ఈ గోడే లేదు. మా ఊళ్ళో పాలు పోసే ఆవిడ పొద్దున్నే గేదెను తోలుకుని వస్తూ, ‘నేనూ నా గేదే కాలవ కాడికి పోయొచ్చాం’ అంటుంది. ఎవ్వరూ తప్పు పట్టరు, పట్టడానికి ఏమీ లేదు. ‘మేము’లో మగా ఆడా లేదు, మనిషీ గొడ్డూ లేదు. ‘మీరు’లోనూ లేదు. దూరం నుంచి చూసి ‘వాళ్ళా, అవా’ అని తేల్చవలసి వచ్చినప్పుడే తెలుగు ఆ ప్రశ్న అడుగుతుంది. ఆవుతో కలిసి నడుస్తున్న మనిషి తన నోటితో చెప్పుకుంటే అడగదు.


విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, బ్రాడీపేట

తెనాలి అమ్మాయి ‘ముగ్గురూ’ గురించి చెప్పింది బాగా ఆలోచించవలసిన మాట. అయినా నా అభ్యంతరం ఒకటి ఉంది. ‘ముగ్గురు’ అనడమే మహత్తుల లెక్క, అంటే ‘చేరారు’ అనే నిర్ణయం సంఖ్య దగ్గరే జరిగిపోయింది, క్రియ దానిని అనుసరించింది. ప్రశ్న క్రియ దగ్గర నుంచి ఒక మాట వెనక్కి జరిగింది తప్ప పరిష్కారం కాలేదు. కానీ చెవి గురించి ఆమె చెప్పినదాన్ని ఒప్పుకుంటాను. ‘ముగ్గురూ చేరారు’ను నేను కూడా బహుశా ఆగకుండా చదివేసి ఉండేవాడిని. ఉత్తమపురుష సంగతి నాకు ఇన్నేళ్ళ పాఠాల్లో తట్టలేదు. సూత్రం చెప్పేటప్పుడు ప్రథమపురుష ఉదాహరణలే ఇస్తూ వచ్చాను.


ప్రూఫ్‌రీడర్, గవర్నర్‌పేట, విజయవాడ

మాస్టారికీ, మిగతా అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు అడిగినదానికి సమాధానం చెప్పాలి. ఈ కథలో ఆవు మాట్లాడదు, దానికి పేరు లేదు. అది ఆవుగానే మేస్తుంది. నేను ‘ముగ్గురిలో ఇద్దరు’ అని రాసిన సంగతి తెనాలి అక్క చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. రెండు సార్లు చదివి చూసుకున్న ప్రశ్న అది.

నిన్న సాయంత్రం రచయిత్రి గారికి ఫోన్ చేసి ఇక్కడి మాటలన్నీ చదివి వినిపించాను. గోండి, కుయి భాషల సంగతి దగ్గర ఆవిడ నన్ను ఆపి మళ్ళీ చదివించుకున్నారు. ‘చేరాయి’ ఎందుకు తప్పో మాస్టారు చెప్పినది విన్నాక, తన మనసుకు తోచిన బాధ వ్యాకరణంలో కూడా ఉన్నదని తెలిసి ఊరట కలిగిందన్నారు. ఏకవచనంలోని ‘చేరింది’ గురించి మాత్రం ఆవిడకు ఇంకా తృప్తి లేదు. దుర్గమ్మకూ కృష్ణమ్మకూ అదే క్రియ అన్న సమాధానం అందమైనదే కానీ, ఆ వరుసలో మగవాడు ఒక్కడూ ఎందుకు లేడో అది చెప్పడం లేదని అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేక, ఆవిడ మాటను ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

వాక్యం గురించి మొదట ‘ముసలమ్మ ఆవునూ దూడనూ తోలుకుని చెరువు గట్టుకు చేరింది’ అని మార్చి చూశాము. వ్యాకరణం చక్కగా కుదిరింది, కానీ ఆవిడకు నచ్చలేదు. ఆ కథలో ముసలమ్మ ఆవును తోలదు, ఆవు వెనకే తను నడుస్తుంది. కళ్ళు సరిగా కనిపించని ఆమెకు చెరువు దారి తెలిసినది ఆవుకే. ‘తోలుకుని’ అన్న ఒక్క మాటతో కథ తలకిందులవుతుందన్నారు. ‘ఆవు వెంట’ అని కూడా ప్రయత్నించాము, అప్పుడు దూడ ఎవరి వెంట వచ్చిందో తెలియడం లేదు.

చివరికి ఆవిడే ఆ వాక్యాన్ని ముసలమ్మ నోట పెట్టారు. గట్టు మీద ఎదురుపడిన పశువుల కాపరి కుర్రాడు ‘ఎప్పుడొచ్చావు అవ్వా?’ అని అడుగుతాడు. తొమ్మిదో పేజీలో ఇప్పుడు ఉన్న వాక్యం ఇది: ‘నేనూ, ఆవూ, దూడా ఇప్పుడే చేరాం నాయనా’ అంది ముసలమ్మ. పెద్దాయన మూడో ప్రూఫు మీద సంతకం చేశారు, పేజీలు ఈ ఉదయం ప్రెస్సుకు వెళ్ళాయి.